తిరగేసిన వారం

ఆ మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో ఉన్నది అయిదుగురు. కటింగు బల్ల దగ్గర నాన్న. కిటికీ పక్క కుర్చీలో, కాజాలు కుట్టే నెపంతో వీధిని కాపలా కాస్తూ నాయనమ్మ. గది మధ్యలో, ఒక చెయ్యి ఉండి ఒక చెయ్యి లేని కోటు తొడుక్కుని కొలతకి నిలబడ్డ లైబ్రరీ మేడం. ఆవిడ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని కోటు అంచు మడుస్తున్న అక్క. గుమ్మంలో, చెప్పులైనా విప్పకుండా, కాలేజీవాళ్ళిచ్చిన కాగితాలు పట్టుకుని గుటకమ్మ.

అమ్మని ఈ లెక్కలో వెయ్యనక్కర్లేదు. ఆస్పత్రిలో నర్సు, పగటి డ్యూటీ. ఇంటికి వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది.

గుటకమ్మకి వేరే పేరు ఉంది. కానీ మాట గొంతుదాకా రావడం, పెదవి దాటేలోపల దాన్ని గుటక వేసి మింగెయ్యడం చిన్నప్పటి నుంచీ చూసిన నాయనమ్మ ఆ పేరు పెట్టేసింది. పల్లెలో నాయనమ్మ దగ్గరే పెరిగి, అక్కడి బడిలోనే చదువు ముగించి, కాలేజీ కోసం నాయనమ్మతో సహా ఈ ఇంటికొచ్చి మూడు నెలలయింది. పేరు కూడా మూటాముల్లెతో పాటు వచ్చేసింది.

"మళ్ళీ చదువమ్మా," అన్నాడు నాన్న.

"సోమవారం ఎనిమిది గంటలకి, బిజినెస్ కమ్యూనికేషన్," అని చదివింది గుటకమ్మ. "తొమ్మిదికి అకౌంట్సు. పదికి ఎకనమిక్సు. పన్నెండుకల్లా అయిపోతుంది. వారమంతా అంతే నాన్నా. అన్నీ పొద్దున్నే."

"పొద్దునేమిటి? మనం మధ్యాహ్నం కదా అనుకున్నది! ఒంటిగంట నుంచి అయిదున్నరదాకా."

"ఆ మొదటిదేమిటే?" అని కిటికీ దగ్గర నుంచి నాయనమ్మ అడిగింది. "నువ్వు కావాలన్నది అది కాదుగా. ఏదో టిక్కు, టిక్కు అని నిద్రలో కూడా కలవరించావు."

"స్టాటిస్టిక్స్."

"ఆఁ, అదే. ఆ టిక్కు ఏదీ?"

"లేదు," అంది గుటకమ్మ. ఇంకేదో అనబోయి గుటక వేసింది.

ఆ చదువు మీద గుటకమ్మకి మోజు పుట్టింది ఈ ముందు గదిలోని కొట్లోనే. వచ్చిన కొత్తలో మాట్లాడటానికి ఎవరూ తెలియక, నాన్న పాత కొలతల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది. ఖాళీ పేజీల్లో డైరీ రాసుకునేది. రాస్తూ రాస్తూ పక్క పేజీలోని కొలతలు కూడటం మొదలుపెట్టింది. ఈ వీధిలోని మగవాళ్ళ మెడలన్నీ కలిపి సగటు తీస్తే పదిహేనుంబావు అంగుళాలు. నూటికి డెబ్భై మందికి కుడి చెయ్యి ఎడమ చెయ్యి కన్నా పావంగుళం పొడుగు. ముప్ఫై ఏళ్ళుగా ఆ చేతులకి చొక్కాలు కుడుతున్న నాన్న అది విని కత్తెర కింద పెట్టేశాడు. "నాకు చేతులే కనిపించాయి గాని ఇది కనిపించలేదమ్మా," అన్నాడు. ఆ రోజు డైరీలో గుటకమ్మ ఒకే వాక్యం రాసుకుంది: నాకు వచ్చిన పని ఒకటి ఉంది.

ఇప్పుడు ఆ పని పోయి, దాని చోట్లోకి మరొకటి వచ్చి కూర్చుంది. బిజినెస్ కమ్యూనికేషన్ అంటే ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి అరవై మంది ముందు నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడటం.

"అయిదు నిమిషాలా!" నాయనమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "దీనికి అది మూడు నెలల సరుకు."

లైబ్రరీ మేడం నవ్వు ఆపుకోబోయి కదిలింది. కోటు అంచులోని సూది ఒకటి జారి కింద పడింది. అక్క తలెత్తకుండా దాన్ని తీసి నోట్లో పెట్టుకుంది.

"ఆ కౌంటర్లో మనిషి ఉన్నాడు కదా," అన్నాడు నాన్న. "ఇది తప్పండీ అని అక్కడే చెప్పాల్సింది."

"అడిగాడు నాన్నా. ఏమైనా మార్చాలా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

గుటకమ్మ నేలకేసి చూసింది. ఏమన్నదో అందరికీ తెలిసిపోయింది. ఆ గుమాస్తా ఆమె మొహంకేసి చూసి, జాలిపడి, అడక్కుండానే మార్పు ఫారం కూడా ఒకటి చేతిలో పెట్టాడు. ఇవాళ సాయంత్రం అయిదింటితో ఆఖరు.

నాన్న మేకుకి వేలాడుతున్న తెల్ల లైనింగు గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు.

ఆ గుడ్డే గుటకమ్మ మొదటి ఏడాది చదువు. పోయిన ఆదివారం కాలేజీ పుస్తకం తెచ్చి, ఏ సబ్జెక్టు ఏ పూట ఉందో ఆమె వివరించబోతే, నాన్న చేతులెత్తేశాడు. "కాగితం మీద నాకెక్కదు తల్లీ. గుడ్డ మీద చెప్పు." సుద్దముక్క తీసుకుని గుడ్డ మీద ఆరు అడ్డగీతలు గీశాడు, ఆరు రోజులకి. నిలువు గీతలు గంటలకి. తరవాత పీలికల బుట్ట తిరగబోసి, అకౌంట్సుకి నీలం యూనిఫాం ముక్క, ఎకనమిక్సుకి బూడిదరంగు ప్యాంటు ముక్క, లెక్కలకి గళ్ళ చొక్కా ముక్క, కంప్యూటర్లకి నల్ల ముక్క కత్తిరించాడు. ఆ నాలుగూ రెండు పూటలా ఉంటాయి, ఏ పూట కావాలంటే ఆ పూట. అయిదోది మాత్రం విద్యార్థి కోరుకునేది. మధ్యాహ్నమైతే స్టాటిస్టిక్స్, పొద్దునైతే ఆ మాట్లాడే చదువు. గుటకమ్మ పసుపు ముక్క తనే ఏరుకుని సోమవారం మధ్యాహ్నం గడిలో పెట్టింది. నాన్న అన్నింటికీ కచ్చాకుట్టు వేసి, "నీ వారం సిద్ధం. ఇక తొడుక్కోవడమే తరువాయి," అన్నాడు.

సోమవారం, ఫారం ఇవ్వాల్సిన రోజున, గుటకమ్మ బడి కాగితాల కోసం పల్లెకి వెళ్ళాల్సి వచ్చింది. కింద సంతకం పెట్టేసి వెళ్ళింది. ఈ గుడ్డ చూసి ఫారం నింపిందీ, కాలేజీలో ఇచ్చి వచ్చిందీ అక్క.

"మరి గుడ్డ మీద సరిగ్గానే ఉందే!" నాన్న కళ్ళజోడు సర్దుకుని, దాన్ని రెండు చేతులా పట్టుకుని కిటికీ వెలుగుకి ఎత్తాడు. "పసుపు ముక్క ఇదిగో, కుడివైపు. సోమవారం మధ్యాహ్నం."

"ఎడమవైపు కదండీ," అంది లైబ్రరీ మేడం.

ఆవిడ గుడ్డకి అవతల వైపున ఉంది.

నాన్న గుడ్డ మీదనుంచి తల ఎత్తి ఆవిడని చూశాడు.

"నాకిటు నుంచి పసుపుది ఎడమవైపే కనిపిస్తోంది. అన్నీ ఎడమవైపే, పొద్దుటి గడుల్లో ఉన్నాయి. అమ్మాయి చదివినట్టే ఉంది."

నాన్న గుడ్డ దించి నుదురు కొట్టుకున్నాడు.

"నా చెయ్యి పడ! అలవాటమ్మా, అలవాటు. సుద్ద గీత ఎప్పుడూ గుడ్డ లోపలి వైపునే గీస్తాం. పైకి కనపడకూడదు కదా. ఈ వారం కూడా లోపలి వైపే గీశాను. దాన్ని పైవైపు తిప్పి చూస్తే, పొద్దున సాయంత్రమవుతుంది, సాయంత్రం పొద్దునవుతుంది." అక్కకేసి తిరిగాడు. "నువ్వు పైవైపు నుంచి చూసి రాసేశావా?"

అక్క తలూపింది. నోట్లో సూదులున్నాయి.

"గుడ్డ పల్చనాయె. రంగులు ఇటూ కనిపిస్తాయి, అటూ కనిపిస్తాయి. నీ తప్పేముంది?" అన్నాడు నాన్న. "తప్పు నాది."

"బాగుందిరా వరస," అంది నాయనమ్మ. "తండ్రి తిరగేసి గీశాడట, కూతురు తిరగేసి చదివిందట, చిన్నది కౌంటరు దగ్గర నోరు ఇంట్లో మరిచిపోయి వెళ్ళిందట. ముగ్గురూ కలిసి ఒక చదువుకి ఉల్టా చొక్కా తొడిగారు. సూదికోసం సోదికెళితే అని ఒక సామెత ఉంది..."

"అమ్మా, మేడంగారున్నారు."

"అందుకే సగంలో ఆపాను. ఏమే పెద్దదానా, రాసేటప్పుడు కళ్ళు ఏ మేకుకి తగిలించావు? ఆ పిల్ల పక్షం రోజుల నుంచి దాని గురించే కదా, ఉన్న రెండు మాటలూ ఖర్చు పెట్టుకుంటోంది!"

అక్క ఇంకో సూది తీసి నోట్లో పెట్టుకుంది.

గుటకమ్మ అది చూసింది. కోటు అంచు మడవడం ఎప్పుడో అయిపోయింది. ఇక గుచ్చాల్సిన చోటు లేదు. అయినా అక్క డబ్బాలోంచి ఒకటి తరవాత ఒకటి సూదులు తీసి పెదవుల మధ్య పేర్చుకుంటోంది.

"నోట్లోవి తీసి మాట్లాడవే," అన్నాడు నాన్న. అతని గొంతులో ఇప్పుడు కాస్త విసుగు. "నేను నీ తరఫున మాట్లాడుతున్నాను, నువ్వు కుక్కిన పేనులా కూర్చుంటే ఎలా?"

అక్క ఒక్కొక్క సూదీ తీసి డబ్బాలో వేసింది. ఎనిమిది సూదులు. ఆఖరిది పడ్డాక లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుంది.

"పొరపాటైంది. నేనే వెళ్ళి మార్పించుకొస్తాను. నాలుగుంబావుకి బస్సుంది. ఫారం మీద చెల్లి సంతకం చాలు, మనిషి అక్కర్లేదు."

"నాలుగున్నరకి యూనిఫాంల కోసం పిల్లల తల్లులొస్తారు. కొట్లో ఎవరు కూర్చుంటారు?"

"దీన్ని కూర్చోబెట్టు."

"దీన్నా!" నాయనమ్మ నవ్వింది. "వచ్చినవాళ్ళు మూగకొట్టు అనుకుని వెళ్ళిపోతారు."

"నాయనమ్మా." అక్క గొంతు ఉన్నట్టుండి సూదిలా పొడిచింది. "రోజుకి నాలుగుసార్లు నువ్వలా అంటూంటే అది మాట్లాడుతుందా, మింగుతుందా? అరవై మంది ముందు నిలబడితే చచ్చిపోదు. ఎవరో ఒకరు నిలబెట్టాలి."

ఆ మాట అందరికీ కొత్తగా వినిపించింది. ఆ మాట అన్న అక్కకి కూడా. టేపు మెడలోంచి తీసి బల్ల మీద పడేసి, లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

"దీనికేమైందిరా?" అంది నాయనమ్మ, ఈసారి మెల్లగా.

నాన్న లైబ్రరీ మేడం కోటు భుజాలు సర్దుతూ, సూదులు గుచ్చిన చోటు వేలితో తడిమి చూసుకుంటున్నాడు. నాలుగేళ్ళ క్రితం చూపు మందగించినప్పటి నుంచి అతనికి సాయంత్రం పని లేదు. పగటి వెలుతురులో కత్తిరిస్తాడు, పొద్దు వాలితే దారం ఎక్కించలేడు. ఆ ఏడాది అక్కకి కాలేజీలో సీటు వచ్చింది. ఒక్క ఏడాది ఆగుతానంది. ఆ ఒక్క ఏడాదీ సాగి సాగి నాలుగేళ్ళయింది. సాయంత్రాలు కొట్టు అక్కదే.

*

గుటకమ్మ మార్పు ఫారం బల్ల చివర పెట్టుకుని కూర్చుంది. గుడ్డని ఈసారి లోపలి వైపు పైకి వచ్చేలా పరుచుకుంది. పసుపు ముక్క మీద వేలు పెట్టి చూసింది. ఇంకో గంటలో ఇది మళ్ళీ నాది, అనుకుంటే గుండె కుదుటపడాలి. పడలేదు.

"కంగారు పడకమ్మా, మారుస్తారు," అంది లైబ్రరీ మేడం. కోటు విప్పేసి తన శాలువా కప్పుకుంటోంది. "అయినా నువ్వు అదృష్టవంతురాలివి. నీకోసం మీ అక్క మా లైబ్రరీ నుంచి ఎన్ని పుస్తకాలు తీసుకెళ్ళిందో! అకౌంట్సు, ఎకనమిక్సు, ఆ స్టాటిస్టిక్స్ అయితే నాలుగుసార్లు గడువు పొడిగించాను. పెన్సిలు గీతలు చెరిపి మరీ తిరిగిచ్చేది. రెండేళ్ళ నుంచీ వస్తోంది పాపం."

గుటకమ్మ తలూపింది. ఆవిడ వెళ్ళిపోయింది.

రెండేళ్ళు. తను ఈ ఇంటికొచ్చి మూడు నెలలు. ఆ పుస్తకాల్లో ఒక్కటి కూడా తను చూడలేదు.

ఫారం ముందు పెన్సిలుతో నింపి చూసుకోవాలనుకుంది. అక్క పెన్సిళ్ళు మిషను కింద సొరుగులో, కటింగు కాగితాల అడుగున ఉంటాయి. చొక్కా కాలరు అచ్చు, ప్యాంటు జేబు అచ్చు, గోధుమరంగు కాగితాలన్నీ చుట్టలు చుట్టి ఉన్నాయి. ఒక్కటి మాత్రం చుట్టకుండా నాలుగు మడతలు పెట్టి ఉంది. ఏ కొలతో రాసి లేదు. గుటకమ్మ విప్పింది.

ఆరు అడ్డగీతలు. ఆరు రోజులు. పైన గంటలు.

కుడివైపు, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిదిదాకా, అక్క దస్తూరీతో: అకౌంట్సు, ఎకనమిక్సు, లెక్కలు, కంప్యూటర్లు, స్టాటిస్టిక్స్. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం అదే కాలేజీలో నడిచే సాయంత్రం క్లాసులు. ఆ గడుల మీద చిన్నగా 'నేను' అని రాసి ఉంది. ఎడమవైపు పొద్దుటి గడులు ఖాళీ. వాటి మీద 'చెల్లి' అని ఉంది.

కాగితం అడుగున, ఎడమ మూల, ఏదో రాసి చెరిపి, మళ్ళీ రాసి మళ్ళీ చెరిపి, కాగితం నలిగి నూగు లేచింది. గుటకమ్మ దాన్ని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంది. పెన్సిలు పోయినా దాని ఒత్తు మిగిలింది.

కొట్లో ఎవరు?

ఆమెకి పోయిన నెల సంగతి గుర్తొచ్చింది. మొదటిసారి ఒక చొక్కా చేతులు తనని కత్తిరించమంటే, రెండూ ఎడమవే కత్తిరించింది. నాయనమ్మ ఆ చొక్కా ఎవరికని వారం రోజులు ఆటపట్టించింది. అక్క మాత్రం నవ్వలేదు. వెనక నిలబడి, తన చేతుల మీద చేతులు వేసి, "గుడ్డ లోపలి వైపు చూస్తున్నప్పుడు బుర్రలో దాన్ని తిప్పుకోవాలే. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. అలవాటైతే నిద్రలో లేపి అడిగినా చెప్తావు. నన్ను అడిగి చూడు," అంది.

నాలుగేళ్ళుగా కొన్ని వందల చేతులు కత్తిరించిన మనిషి. ఒక్కసారీ కుడికి ఎడమ కుట్టలేదు.

గుటకమ్మ గుడ్డని పైవైపుకి తిప్పి, ఆ గోధుమరంగు కాగితంలో ఖాళీ సగాన్ని మడిచి దాని మీద పరిచింది. మసక మసకగా కనిపిస్తున్న తన రంగుల వారం ఎడమన. అక్క పెన్సిలు వారం కుడిన. అంచుకి అంచు ఆనింది. ఒకదాని మీదికి ఒకటి ఎక్కలేదు.

"ఏమ్మా, అయిందా?" అన్నాడు నాన్న.

"ఆఁ," అంది గుటకమ్మ. కాగితం మడిచి, దానితో పాటు ఫారం తీసుకుని లేచింది. గోడ గడియారంలో నాలుగు కావడానికి అయిదు నిమిషాలుంది.

*

లోపలి గది తలుపు తీసే ఉంది. అక్క అద్దం ముందు నిలబడి జుట్టు ముడి వేసుకుంటోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయేమోనని చూసింది గుటకమ్మ. లేవు. ఎప్పటికన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉన్నాయి.

"సంతకం పెట్టావా?"

"లేదు."

"పెట్టు మరి. బస్సు నాకోసం ఆగదు."

గుటకమ్మ గోధుమరంగు కాగితం చాచింది.

అక్క చెయ్యి జుట్టులోనే ఆగిపోయింది. ముడి జారి భుజం మీద పడింది.

"ఎక్కడిదది?"

"పెన్సిలు కోసం..."

"పెన్సిలు కోసం వెళ్తే పెన్సిలే తియ్యాలి."

"అడుగున ఉంది."

"అడుగున ఎందుకు పెడతారే? తియ్యడానికా?"

బయట గదిలో నాన్న కత్తెర కరకరలాడుతూ ఏదో గుడ్డ వెంట పోయింది.

"నువ్వు కుడి ఎడమలు పొరబడవక్కా."

"అందరూ పొరబడతారు."

"నువ్వు పొరబడవు."

అక్క మంచం అంచున కూర్చుంది. కాసేపు తన చేతివేళ్ళకంటిన సుద్ద రుద్దుకుంటూ ఉండిపోయింది.

"పొరబడలేదు," అంది చివరికి. "లోపలి వైపు చూసే నింపుదామని కూర్చున్నాను. కింద నీ సంతకం ఉంది. గుండ్రంగా, బడిపిల్ల సంతకంలా. దాన్ని చూస్తే పెన్ను ఆగింది. ఆగింది గదా, మళ్ళీ కదిలేసరికి పొద్దుటి గడిలో ఉంది. ఇచ్చేసి వచ్చాను. ఆ పూట అన్నం సయించలేదు."

"నాకు చెప్తే..."

"చెప్తే నువ్వు సరేనంటావు. నీకు కాదనడం వచ్చా? అది అడగడం కాదు, దోచుకోవడం." తనలో తను నవ్వుకుంది. "ఇది మాత్రం ఏమంత మర్యాదగా ఉందిలే. నిజం చెప్పనా? కాగితం చూడగానే ఆ కౌంటరు దగ్గరే నువ్వు అరిచి గోల చేసి మార్పించుకుని వస్తావనుకున్నాను. రావాలనీ అనుకున్నాను."

"అరవడమా? నేనా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు వచ్చేదే. వచ్చి, ఎక్కడో దారిలో ఆగిపోయింది.

"నాన్నకి ఎందుకు చెప్పలేదు?"

"వద్దనడు కాబట్టి. అదే భయం. వెళ్ళమ్మా, సాయంత్రం నేను చూసుకుంటాను అంటాడు. ఆ కళ్ళేసుకుని, ఆ లైటు కింద. దారం కోసం సూది బెజ్జాన్ని వెతుక్కుంటూ కూర్చుంటాడు. అమ్మకి ఒళ్ళు విరిచే డ్యూటీ. నాయనమ్మని కూర్చోబెడితే వచ్చినవాళ్ళ వంశచరిత్ర అడుగుతుంది గాని కొలత తీసుకోదు."

"కింద రాసి చెరిపావు."

"ఏమీ లేదక్కడ."

"ఒత్తు కనిపిస్తోంది. కొట్లో ఎవరు, అని."

అక్క కాగితం అందుకోవడానికి చెయ్యి చాచింది. గుటకమ్మ ఇవ్వలేదు.

కొట్లో కూర్చోవడమంటే ఏమిటో ఆమెకి తెలుసు. రండి అనాలి. కూర్చోండి అనాలి. నడుము ఎంత తగ్గించమంటారు, చెయ్యి ఎంత పొడుగుండాలి అని కొత్తవాళ్ళని అడగాలి. రేపిస్తామని ఒకరికి, ఇంకా కాలేదని ఒకరికి, మీ కొలత మారిందండీ అని ఒకరికి నొప్పి కలగకుండా చెప్పాలి. సోమవారం అరవై మంది ముందు అయిదు నిమిషాలు. ఆపైన ఆరు రోజులూ సాయంత్రం ఒక్కొక్కరి ముందు అయిదేసి నిమిషాలు. ఇక పసుపు ముక్క ఉండదు. నూటికి డెబ్భై మంది చేతులు ఎందుకలా ఉంటాయో చెప్పేవాళ్ళు ఉండరు.

గొంతులోకి ఏదో వచ్చి నిలబడింది. ఎప్పటిలాగే గుటక వెయ్యబోయింది. అది దిగలేదు.

"నేను," అంది.

"ఏమిటి?"

"కొట్లో నేను కూర్చుంటాను."

"గుటకమ్మా..."

"పన్నెండుకల్లా వచ్చేస్తాను కదా. సాయంత్రం నేనుంటాను. మొదట్లో అందరూ మూగకొట్టనే అనుకోనీ. నువ్వు వెళ్ళు."

"ఆ స్టాటిస్టిక్స్?"

"నువ్వు చదువుకుని వచ్చి నాకు చెప్పు."

అక్క లేచింది. మొహం కందిపోయింది. "ఫారం ఇలా తే. సంతకం పెట్టు."

"పెట్టను."

ఆ మాట గది దాటి వెళ్ళింది. బయట కత్తెర ఆగింది. కుర్చీ కిర్రుమంది. నాయనమ్మ కూడా ముందుకి వంగి ఉంటుంది.

"జాలా నా మీద?" అక్క గొంతు తగ్గించింది. తగ్గించిన కొద్దీ వణికింది. "పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవి, నీ చదువు కత్తిరించి నా చిరుగుకి అతుకు వేస్తావా? ఆ మాట పడటానికా నేను నాలుగేళ్ళు ఆ మిషను ముందు కూర్చున్నది?"

"అతుకు కాదక్కా." గుటకమ్మకి కళ్ళనిండా నీళ్ళున్నాయి, అయినా మాట తడబడలేదు. కాగితాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది, నాన్న గుడ్డని పట్టుకున్నట్టే. "చూడు. ఇటు నాది, అటు నీది. ఒక్క గుడ్డ పన్నాలో రెండూ వస్తున్నాయి. గుడ్డ వేస్టు కాదు."

అక్క చూసింది. 'నేను' అన్నచోట చూసింది, 'చెల్లి' అన్నచోట చూసింది. అడుగున నలిగిన మూల చూసింది.

బయట నుంచి నాన్న పిలిచాడు. "ఏమర్రా, ఏమైంది? బస్సు టైమవుతోంది!"



అక్క చెయ్యి ఎత్తింది. సుద్ద వేళ్ళతో చెల్లెలి చెంప మీద కన్నీరు తుడిచింది. చెంప మీద తెల్లటి చార పడింది. అదే చేత్తో భుజం పట్టుకుని, నెట్టీ నెట్టనట్టు, గడప అవతలికి జరిపింది.

"అక్కా, నేనేమన్నానని..."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

కాగితం తలుపు సందులో చిక్కుకుంది. ఇవతల 'చెల్లి', నలిగిన మూల, ఆ చెరిపిన ప్రశ్న. అవతల సాయంత్రాలన్నీ. గుటకమ్మ తన అంచు వదల్లేదు. ఒక చేత్తో సంతకం లేని ఫారం పట్టుకుని, లోపలి నుంచి ఎవరైనా లాగుతారేమోనని చూస్తూ నిలబడింది.

ఎవరూ లాగలేదు. వదల్లేదు కూడా. అవతల అంచు మీద ఎవరిదో చెయ్యి ఉన్నట్టు కాగితం సన్నగా వణుకుతూనే ఉంది.